ఆకాశ చిత్రానికి అడ్డుగీతలు

దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో సెర్రో పచోన్ అనే పర్వతశిఖరం మీద నిర్మించిన వేరా రూబిన్ వేధశాల 2025వ సంవత్సరం జూన్ 23వ తేదీన తన మొదటి చిత్రాలను లోకానికి చూపినది. అక్కడి దూరదర్శిని అద్దం వ్యాసం 8.4 మీటర్లు. దానికి అమర్చిన కెమేరా చిన్న మోటారుకారంత ఉంటుంది. బరువు దాదాపు మూడు టన్నులు. 320 కోట్ల బిందువులతో ఒక్కొక్క చిత్రాన్ని కూర్చగల ఆ యంత్రం పూర్ణచంద్రులు నలభైమంది పట్టునంత ఆకాశభాగాన్ని ఒక్క చూపులో పట్టుకొంటుంది. పరీక్షార్థం దాదాపు పది గంటలసేపు తీసిన చిత్రాలలోనే అంతకుముందెవరూ ఎరుగని 2,104 గ్రహశకలాలు బయటపడినవి. పది సంవత్సరాలపాటు దక్షిణాకాశాన్ని కొద్ది రాత్రులకొకసారి చొప్పున మరల మరల చిత్రించడం ఈ వేధశాల పట్టిన దీక్ష.

ఈ వేధశాల కట్టడం సాగుతున్న కాలంలోనే ఆకాశంలో మరొక కట్టడం ఆరంభమైనది. 2019 మే నెలలో అమెరికాకు చెందిన స్పేస్ఎక్స్ సంస్థ 60 స్టార్‌లింక్ ఉపగ్రహాలను ఒకే రాకెట్టుతో పైకి పంపినది. ముత్యాలసరం వలె వరుసగా నడిచిపోతున్న ఆ వెలుగులను చూచి సామాన్యులు ముచ్చటపడినారు. ఖగోళ శాస్త్రజ్ఞులు మాత్రం ఉలిక్కిపడినారు. 2025 చివరి నాటికి ఆ ఒక్క సంస్థకే 8,000కు పైబడిన ఉపగ్రహాలు భూమి చుట్టూ తిరుగుతున్నవి. ఇతర సంస్థలు, ఇతర దేశాలు అదే దారి పట్టినవి. మానవుడు నిర్మించిన డిజిటల్ కెమేరాలలో కెల్ల పెద్దది కన్ను తెరిచే వేళకు, అది చూడవలసిన ఆకాశం మీద మానవుడే గీతలు గీస్తున్నాడు.

దీనిని శాస్త్రజ్ఞులకూ వ్యాపారులకూ నడుమ పుట్టిన చిన్న తగాదాగా భావించడం పొరపాటు. రాత్రి ఆకాశాన్ని చిత్రించడమనే పని ఎందుకు పుట్టినది, ఏమి సాధించినది, దానికి భంగం కలిగితే పోయేది ఏమిటి అన్న ప్రశ్నలను విచారించిన తరువాతనే ఈ వివాదంలోని బరువు తెలుస్తుంది.

కంటికి లేని ఓపిక

మానవనేత్రం ఎంత సూక్ష్మమైనదైనా దానికొక లోపమున్నది. వెలుగును అది కూడబెట్టుకొనలేదు. ఒక మసక చుక్క వైపు రెండు నిమిషాలు చూచినా, రెండు గంటలు చూచినా కంటికి కనిపించేది ఒక్కటే. ఛాయాచిత్రపు పలక అటువంటిది కాదు. నిమిషం వెనుక నిమిషం దాని మీద పడిన వెలుగు కుండలో నీటిబొట్టు వలె చేరుతూనే ఉంటుంది. కంటికి అందని చుక్క సైతం తగినంత సేపు ఉంచితే పలక మీద ఆకారం ధరిస్తుంది. ఖగోళ ఛాయాగ్రహణానికి మూలసూత్రం ఈ ఓపికయే.

1840లో అమెరికాలో జాన్ విలియం డ్రేపర్ చంద్రుని చిత్రం తీసినాడు. 1850లో హార్వర్డు వేధశాలలో విలియం బాండ్, జాన్ విపుల్ కలిసి అభిజిత్ నక్షత్రాన్ని చిత్రించినారు. సూర్యుని విడిచిపెడితే, ఛాయాచిత్రంలోకి ఎక్కిన మొదటి నక్షత్రం అదే. 1880లో డ్రేపర్ కుమారుడు హెన్రీ మృగవ్యాధ మండలంలోని మహానీహారికను పట్టినాడు. మూడేళ్ళకు ఇంగ్లండులో ఆండ్రూ కామన్ అదే నీహారికను మరింత సేపు చిత్రించగా, దూరదర్శినిలో కన్ను పెట్టి చూచినా కనిపించని నక్షత్రాలు పలక మీద వెలసినవి. ఆనాటి నుండి ఛాయాచిత్రం కన్నును మించిన సాక్షి అయినది.

1882లో ఒక మహా ధూమకేతువు కనిపించినప్పుడు దక్షిణాఫ్రికాలోని కేప్ వేధశాలలో డేవిడ్ గిల్ దానిని చిత్రింపించినాడు. తోకచుక్కతో పాటు దాని వెనుక లెక్కలేనన్ని నక్షత్రాలు పలకల మీద పడినవి. నక్షత్రాలను ఒక్కొక్కటిగా కొలిచే బదులు ఆకాశమంతటినీ పలకలకెక్కించి తీరికగా కొలువవచ్చునన్న ఆలోచనకు ఈ చిత్రాలు బలమిచ్చినవి. 1887లో పారిస్ నగరంలో వివిధ దేశాల శాస్త్రజ్ఞులు సమావేశమై, ఆకాశాన్ని భాగాలుగా పంచుకొని చిత్రించవలెనని నిశ్చయించినారు. నక్షత్రపట నిర్మాణమనే ఆ మహాకార్యంలో ఒక భాగం కాలక్రమేణ హైదరాబాదు వంతుకు వచ్చినది.

తెలుగు నేల మీద

తెలుగునాటికి ఆకాశచిత్రాలతో గల సంబంధం అంతకంటె పాతది. 1868 ఆగస్టు 18వ తేదీన సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణం ఆంధ్రదేశం మీదుగా సాగినది. దానిని చూడడానికి మేజర్ టెన్నెంట్ నాయకత్వాన ఒక బృందం గుంటూరులో విడిది చేసి గ్రహణానికి ఛాయాచిత్రాలు తీసినది. ఫ్రాన్సు నుండి వచ్చిన జాన్సెన్ సైతం గుంటూరు నుండియే వీక్షించి, గ్రహణం లేని వేళ కూడ సూర్యుని అంచున లేచే జ్వాలలను పరిశీలించే ఉపాయం కనిపెట్టినాడు. మద్రాసు వేధశాలాధిపతి పోగ్సన్ మచిలీపట్నంలోను, అదే వేధశాలకు చెందిన చింతామణి రఘునాథాచారి వనపర్తిలోను ఆనాడు పరిశీలనలు జరిపినారు. నాటి సూర్యజ్వాలల వర్ణపటంలో కనిపించిన పసుపుపచ్చని గీతయే హీలియం అనే మూలకాన్ని శాస్త్రజ్ఞుల దృష్టికి తెచ్చినది.

హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ 1901లో 15 అంగుళాల దూరదర్శినిని తెప్పించి స్వంత వేధశాలకు పునాది వేసినాడు. ఆయన మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించినది. ఆ నిజామియా వేధశాల బేగంపేటకు తరలి, 8 అంగుళాల ప్రత్యేక ఛాయాచిత్ర దూరదర్శినితో దక్షిణాకాశంలో 17 అంశలకూ 23 అంశలకూ నడుమనున్న పట్టీని గాజుపలకల మీదికి ఎక్కించినది. తరువాత ఉత్తరాకాశంలో మరొక పట్టీని కూడ చేపట్టినది. చాట్‌వుడ్, పోకాక్, భాస్కరన్ అనే అధిపతుల కాలాలలో, అనేకమంది ఉద్యోగుల చేతుల మీదుగా ఈ పని దశాబ్దాలు నడిచినది. రాత్రి పలక తీయడం ఒక వంతు. పగలు సూక్ష్మదర్శిని క్రింద చుక్కచుక్కకూ స్థానం కొలిచి వ్రాయడం తొమ్మిది వంతులు. ఇట్లు కొలిచిన నక్షత్రాల సంఖ్య ఏడు లక్షలు దాటినది.

ఆ వేధశాలలో పనిచేసిన ఒక సహాయకుని కుమారుడు వేణు బాప్పు. నిజాం కళాశాలలో చదివి, హార్వర్డుకు వెళ్ళి, 1949లో అక్కడ తీసిన ఒక పలక మీద కొత్త తోకచుక్కను కనుగొన్నాడు. బాప్పు–బాక్–న్యూకర్క్ అని ముగ్గురి పేర వెలసిన ఆ ధూమకేతువు పేరులో హైదరాబాదులో పెరిగిన బాలుని పేరు ముందు నిలిచినది. భారతదేశంలో ఆధునిక ఖగోళ శాస్త్రానికి తరువాతి కాలంలో ఆయనయే పెద్దదిక్కయినాడు.

నూరేళ్ళ తరువాత పండే పంట

ఆకాశచిత్రం విలువ తీసిన రాత్రి తెలియదు. హార్వర్డులో హెన్రియెటా లెవిట్ అనే విదుషి దక్షిణ అమెరికాలో తీసిన పలకలను ఏళ్ళ తరబడి పోల్చి చూచి, కొన్ని నక్షత్రాల వెలుగు హెచ్చుతగ్గుల కాలానికీ వాటి నిజమైన ప్రకాశానికీ సంబంధమున్నదని 1912లో స్థాపించినది. 1923లో ఎడ్విన్ హబుల్ అటువంటి నక్షత్రాన్ని ఆండ్రోమెడా నీహారిక చిత్రంలో పట్టుకొని, అది పాలవెల్లికి బయటనున్న మరొక నక్షత్రద్వీపమని నిరూపించినాడు. విశ్వం హద్దులు ఒక గాజుపలక మీద మారిపోయినవి. 1930లో క్లైడ్ టోంబా ఆరు రోజుల ఎడంతో తీసిన రెండు పలకలను మార్చి మార్చి చూచి, వాటిలో స్థానం మారిన ఒక చిన్న చుక్కను గుర్తించినాడు. అది ప్లూటో.

హైదరాబాదు పలకలకు సైతం అటువంటి పునర్జన్మ కలిగినది. యూరపు ఖండపు హిప్పార్కస్ ఉపగ్రహం 1989 నుండి 1993 వరకు నక్షత్రాల స్థానాలను అతి సూక్ష్మంగా కొలిచినది. అయితే నక్షత్రం ఏ దిక్కుకు ఎంత వేగంతో కదులుతున్నదో తెలియాలంటే ఒక్క కొలత చాలదు. చాలకాలం నాటి మరొక కొలత కావాలి. ఆ పాత కొలతల కొరకు శాస్త్రజ్ఞులు దశాబ్దాల క్రితపు నక్షత్రపట గ్రంథాలను తెరిచినారు. వాటిలో హైదరాబాదు సంపుటాలు కూడ ఉన్నవి. ఆ విధంగా 2000వ సంవత్సరంలో ప్రకటించిన టైకో-2 పట్టికలో 25 లక్షల నక్షత్రాల స్థానాలు, గమనాలు చేరినవి. బేగంపేటలో చలిరాత్రులలో పలకలు మార్చినవారు తమ శ్రమ ఒక ఉపగ్రహానికి జోడు కాగలదని కలలో కూడ ఎరుగరు.

ఈ వివాదంలో కీలకం ఇక్కడనే ఉన్నది. ఈ రాత్రి ఆకాశాన్ని రేపు మరల తీయడానికి వీలులేదు. పేలిపోయిన నక్షత్రం, దాటిపోయిన శకలం, క్షణంలో మెరిసి ఆరిన వెలుగు చిత్రంలో పడితే పడినట్లు, లేకపోతే లేనట్లు. నేటి చిత్రంలో ఏ మూల నున్న ఏ చుక్క ఎనభై ఏళ్ళ తరువాత అవసరమవుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు.

ప్రాణభయంతో ముడిపడిన ప్రయోజనం కూడ ఒకటున్నది. 2024 డిసెంబరు 27న చిలీలోని ఒక దూరదర్శిని చిత్రాలలో 2024 వైఆర్4 అనే గ్రహశకలం బయటపడినది. 2032లో అది భూమిని తాకే అవకాశం నూటికి మూడు వంతుల వరకు ఉన్నదని 2025 ఫిబ్రవరిలో లెక్క తేలగా లోకం కలవరపడినది. మరికొన్ని రాత్రుల చిత్రాలు చేరగానే లెక్క మారి, భూమికి ఆ గండం తప్పినదని స్పష్టమైనది. భయం పుట్టించినదీ చిత్రాలే, పోగొట్టినదీ చిత్రాలే. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ నగరం మీద పేలిన శిల సూర్యుని దిక్కు నుండి వచ్చినందున ముందుగా ఎవరికీ కనిపించలేదు. సుమారు 1,500 మంది గాయపడినారు. సూర్యుని పక్కనుండి వచ్చే శకలాలను వెదకాలంటే సంజెవేళ, వేకువవేళ ఆకాశాన్ని చిత్రించక తప్పదు. ఉపగ్రహాల గీతలు దట్టంగా పడేది సరిగా ఆ వేళలలోనే.

నేల మీది వెలుగు

ఆకాశచిత్రానికి శత్రువులు ఇద్దరు. ఒకటి నేల నుండి పైకి లేచే వెలుగు, రెండవది పైనుండి పడే వెలుగు.

వీధిదీపాలు, ప్రకటన ఫలకాలు, భవనాల అలంకారదీపాలు పైకి చిమ్మే కాంతి గాలిలోని ధూళి మీద, అణువుల మీద పడి చెదరి ఆకాశమంతటా తెల్లని ముసుగు కప్పుతుంది. 2016లో ప్రకటించిన ప్రపంచ కాంతి కాలుష్యపటం ప్రకారం జనాభాలో నూటికి 80 మందికి పైగా కలుషితమైన ఆకాశం క్రింద బ్రతుకుతున్నారు. మూడింట ఒక వంతు జనానికి పాలవెల్లి కనిపించదు. 2023లో వెలువడిన మరొక పరిశోధన అంతకంటె దిగులు కలిగించేది. 2011 నుండి 2022 వరకు వివిధ దేశాలలోని సామాన్యులు తమ కంటికి కనిపించిన చుక్కలను గూర్చి పంపిన 51,000 నివేదికలను పరిశీలించగా, ఆకాశం ఏటేటా నూటికి 7 నుండి 10 వంతుల చొప్పున తెల్లబడుతున్నదని తేలినది. అనగా 250 చుక్కలు కనిపించే ఊరిలో పుట్టిన శిశువుకు పద్ధెనిమిదేళ్ళు నిండేసరికి 100 చుక్కలే మిగులుతవి.

నగరం పెరిగిన కొద్దీ వేధశాల ఎట్లు వెనుకకు తగ్గవలసి వచ్చునో హైదరాబాదు చరిత్రయే చెపుతుంది. ఒకనాడు నక్షత్రపటానికి తగిన చీకటి గల బేగంపేట నగర మధ్యమైనది. ఉస్మానియా విశ్వవిద్యాలయం తన 48 అంగుళాల దూరదర్శినిని నగరానికి దూరంగా రంగాపూర్ గ్రామం వద్ద 1968లో నెలకొల్పవలసి వచ్చినది.

కొత్త ఎల్ఇడి దీపాలు కరెంటును ఆదా చేస్తవి, అది నిజం. కాని వాటిలో నీలికాంతి పాలు హెచ్చుగా ఉన్నప్పుడు అది గాలిలో మరింతగా చెదరుతుంది. పైగా చవుకగా దొరుకుతున్నందున ఒక దీపం చాలిన చోట మూడు దీపాలు వెలుగుతున్నవి. అయినా ఈ జబ్బుకు మందున్నది. దీపానికి పైకప్పు తొడిగి వెలుగును నేల మీదికి మళ్ళించడం, పసుపుపచ్చని కాంతిని వాడడం, అవసరం తీరిన తరువాత ఆర్పడం చాలును. లడఖ్‌లోని హాన్లే వద్ద 2022లో ఏర్పడిన చీకటి ఆకాశ రక్షితప్రాంతంలో గ్రామస్థులు ఈ నియమాలను పాటిస్తున్నారు. అక్కడి యువతీయువకులకు దూరదర్శినులిచ్చి, వచ్చిన యాత్రికులకు ఆకాశం చూపడంలో తరిఫీదు ఇచ్చినారు. చీకటి వారికి జీవనోపాధి అయినది. 2024 మే 10వ తేదీ రాత్రి సూర్యుని నుండి వచ్చిన మహాతుపాను భూమిని తాకినప్పుడు హాన్లే కెమేరాలు ఆకాశంలో ఎర్రని ధ్రువకాంతిని చిత్రించగలిగినవంటే ఆ కాపాడుకొన్న చీకటి చలవయే. మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యానికి 2024లో అటువంటి గుర్తింపు లభించినది.

నింగి మీది గీతలు

రెండవ శత్రువుకు ఇంత సులభమైన మందు లేదు. చిలీ ఎడారికి పోయినా, హాన్లే కొండలెక్కినా ఉపగ్రహాలు పైననే ఉంటవి. నేల మీద చీకటి పడిన తరువాత కూడ 550 కిలోమీటర్ల ఎత్తున ఎండ ఉంటుంది. ఆ ఎండలో ఉపగ్రహపు రేకలు అద్దాల వలె మెరుస్తవి. కెమేరా అర నిమిషం తెరిచి ఉంచితే ఆ మెరుపు చిత్రానికి అడ్డంగా తెల్లని గీత అవుతుంది. ఉపగ్రహం ఎంత ఎత్తున ఉంటే రాత్రిలో అంత ఎక్కువసేపు ఎండ తగిలి మెరుస్తుంది.

అమెరికాలోని పాలోమార్ కొండ మీద ఆకాశాన్ని నిత్యం చిత్రించే ఒక కెమేరా అనుభవం ఇందుకు నిదర్శనం. సంజెవేళ తీసిన చిత్రాలలో స్టార్‌లింక్ గీత పడినవి 2019 చివర నూటికి సగం కంటె మించలేదు. 2021 ఆగస్టు నాటికి నూటికి 18 అయినవి. అంతరిక్షంలోని దూరదర్శినులకు సైతం రక్షణ లేదు. హబుల్ దూరదర్శిని 2002 నుండి 2021 వరకు తీసిన చిత్రాలలో నూటికి దాదాపు మూడింటిలో ఉపగ్రహపు గీత ఉన్నదని 2023లో తేలినది. వివిధ సంస్థలు దరఖాస్తు పెట్టుకొన్న ఉపగ్రహాలన్నీ, అనగా సుమారు 5,60,000, ఎగిరినచో హబుల్ చిత్రాలలో మూడింట ఒక వంతు, మరికొన్ని కొత్త దూరదర్శినుల చిత్రాలలో నూటికి 96కు పైగా చెడునని 2025 డిసెంబరులో మరొక లెక్క వెలువడినది. ఇవన్నీ ఎగురుతవని ఎవరూ అనరు. కాని అందులో పదవ వంతు ఎగిరినా నేటి కంటె ఎన్నో రెట్లు.

గీతను యంత్రగణకంతో తుడిచివేయవచ్చును గదా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఔత్సాహికులు చేసేది అదే. ఒకే భాగానికి అనేక చిత్రాలు తీసి, వాటిని ఒకదానిపై ఒకటి పేర్చి, ఒక్క చిత్రంలో మాత్రమే కనిపించే గీతను తొలగిస్తారు. కదలని నీహారికకు ఈ ఉపాయం చక్కగా పనిచేస్తుంది. ఒక్కసారి మెరిసి మాయమయ్యే వెలుగును వెదకేవారికి మాత్రం ఇది గొడ్డలిపెట్టు. ఎందుకనగా గీతను తుడిచే చెయ్యి ఆ మెరుపును కూడ తుడుస్తుంది. తుడవకుండా ఉంచితే మరొక ప్రమాదం. అత్యంత దూరపు నక్షత్రద్వీపాలలో ఒకదాని నుండి మహావిస్ఫోటపు మెరుపు కనిపించినదని 2020లో ఒక బృందం ప్రకటించగా, అది ఒక పాత రాకెట్టు తొడుగు మీద తళుక్కుమన్న ఎండ అని తరువాత ఇతరులు చూపినారు. విశ్వపు అంచు నుండి వచ్చిన వార్తకూ పెరటిలోని గాజుపెంకు మెరుపుకూ భేదం తెలియకపోవడం శాస్త్రానికి చిన్న ఆపద కాదు.

ఇరుపక్షాల మాట

ఉపగ్రహాల పక్షాన చెప్పవలసినది కొంత ఉన్నది. తీగలు చేరని కొండపల్లెకు, నడిసముద్రంలోని నావకు, తుపాను దెబ్బతో స్తంభాలు కూలిన ఊరికి పైనుండి వచ్చే సంపర్కమే దిక్కు. 2022 జనవరిలో అగ్నిపర్వతం పేలి టోంగా ద్వీపాలకు సముద్రగర్భపు తీగ తెగినప్పుడు ఉపగ్రహాలే ఆదుకొన్నవి. భారతదేశంలో స్టార్‌లింక్ సేవకు 2025లో ప్రభుత్వానుమతులు లభించినవి. ఏజెన్సీ గ్రామంలోని పాఠశాలకు పాఠాలు అందే మార్గం తెరుచుకొంటూ ఉంటే, చుక్కల అందం పేర దానిని మూయమనడం న్యాయం కాదు.

పైగా ఈ వివాదంలో తెలుగునేల ప్రేక్షకురాలు మాత్రమే కాదు. 2022 అక్టోబరు 23న, 2023 మార్చి 26న శ్రీహరికోట నుండి లేచిన రాకెట్టులు 36 చొప్పున వన్‌వెబ్ ఉపగ్రహాలను మోసుకొనిపోయినవి. 2025 డిసెంబరు 24న అక్కడి నుండియే 6,100 కిలోల బ్లూబర్డ్ ఉపగ్రహం ఎగిరినది. దాని రేకల వైశాల్యం 223 చదరపు మీటర్లు. ఈ జాతికి చెందిన బ్లూవాకర్ 3 అనే మునుపటి ఉపగ్రహపు రేకలు 64 చదరపు మీటర్లే అయినా, ఒక్కొక్క వేళ అది ఆకాశంలోని అత్యుజ్జ్వల నక్షత్రాలతో పోటీపడినది. శ్రీహరికోట విజయానికి గర్వించే విద్యార్థికి ఈ రెండవ లెక్క కూడ చెప్పడం ఉపాధ్యాయుని ధర్మం. గర్వానికీ వివేకానికీ వైరం లేదు.

సంస్థలు బొత్తిగా మొండికెత్తలేదు. స్పేస్ఎక్స్ నల్లపూత పూసి చూచినది. ఎండకు గొడుగు వలె రేకు అమర్చినది. వెలుగును పక్కకు మళ్ళించే పొరలను వాడినది. కొంత మసకబారినవి గాని, తరువాత వచ్చిన ఉపగ్రహాల పరిమాణం పెరిగినది, సంఖ్య పెరిగినది. ఉపగ్రహం కంటికి ఆననంత మసకగా, ఏడవ తరగతి నక్షత్రం కంటె తక్కువగా ఉండవలెనని ఖగోళ శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంఘం కోరుతున్నది. ఆకాశరక్షణ కొరకు 2022లో ప్రత్యేక కేంద్రాన్ని స్థాపించినది. కాని కోరిక వేరు, కట్టడి వేరు. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ఆకాశాన్ని ఏ దేశమూ సొంతం చేసుకొనరాదన్నది; ఒకరి పనులలో ఇతరుల ప్రయోజనాలను గమనించవలెనన్నది. ఉపగ్రహపు వెలుగును గూర్చి మాత్రం అందులో ఒక్క మాట లేదు. ఒక దేశపు అధికారి సంతకం చేసిన అనుమతిపత్రంతో అన్ని దేశాల ఆకాశమూ మారిపోతున్నది.

కావున నిషేధం కోరడం వ్యర్థం. నియమం కోరడం అవసరం. నదిలో నీటిని వాడుకొనే కర్మాగారానికి అనుమతినిచ్చేటప్పుడు ఆ నీటిని ఎట్లు వదులుతుందో అడుగుతారు. ఉపగ్రహానికి అనుమతి ఇచ్చేటప్పుడు అది ఎంత మెరుస్తుంది, ఎప్పుడు ఎక్కడ ఉంటుంది, ఆయువు తీరిన తరువాత ఎట్లు దిగుతుంది అని అడగడం అంతకంటె పెద్ద కోరిక కాదు. ఇతర దేశాల ఉపగ్రహాలను కూడ ఎగురవేసే స్థాయికి చేరిన భారతదేశం ఈ నియమాలను ప్రతిపాదించగలిగిన స్థానంలో ఉన్నది. హాన్లేలో చీకటిని కాపాడుతున్నదీ, శ్రీహరికోటలో రాకెట్టులు నిలుపుతున్నదీ ఒక్క దేశమే గనుక రెండు పక్షాల కష్టసుఖాలూ దానికి తెలిసినవే.

బడిలో చేయదగిన పని

ఈ విషయంలో పాఠశాలలు చేయగలిగినది స్వల్పం కాదు. శీతకాలంలో చంద్రుడు లేని రాత్రి మృగవ్యాధుని నాలుగు మూలల నక్షత్రాల నడుమ ఎన్ని చుక్కలు కనిపించునో విద్యార్థులు లెక్కించి తేదీతో వ్రాసిపెట్టవలెను. పదికి లోపు కనిపిస్తే ఆ ఊరి ఆకాశం బాగుగా చెడినట్లు. ముప్పై దాటితే అదృష్టవంతమైన ఊరు. ఏటేటా ఒకే చోటు నుండి ఈ లెక్క సాగిస్తే పదేళ్ళలో ఆ బడి దస్తరమే ఒక శాస్త్రప్రమాణమవుతుంది.

చిత్రం తీయడానికి కూడ పెద్ద పరికరాలు అక్కరలేదు. సెల్‌ఫోను కెమేరాను కదలకుండా రెండు ఇటుకల నడుమ నిలిపి, పదిహేను ఇరవై సెకనులు తెరిచి ఉంచితే కంటికి ఆనని చుక్కలు కనిపిస్తవి. కటకం నాభ్యంతరం 20 మిల్లీమీటర్లున్న పెద్ద కెమేరా అయితే 500ను 20తో భాగించి, 25 సెకనుల వరకు తెరువవచ్చును. అది దాటితే భూభ్రమణం వలన చుక్క గీతగా సాగుతుంది. గంటకు 15 అంశలు తిరిగే ఆ గీతలు ధ్రువుని చుట్టూ వలయాలుగా ఏర్పడినప్పుడు, భూమి తిరుగుతున్నదన్న పాఠానికి వేరే నిదర్శనం అక్కరలేదు. హైదరాబాదులో ధ్రువుడు దిక్చక్రానికి 17 అంశల ఎత్తున, విజయవాడలో ఇంచుమించు పదహారున్నర అంశల ఎత్తున ఉంటాడు. ఆ ఎత్తు ఊరి అక్షాంశమేనని విద్యార్థి తన చిత్రం మీదనే కొలుచుకొనవచ్చును. చిత్రంలో ఎడతెగని తిన్నని గీత ఉపగ్రహం. చుక్కచుక్కలుగా తెగిన గీత విమానం. రెండు చివరలా సన్నగిలి నడుమ లావైనది ఉల్క. ఒక రాత్రి చిత్రాలలో ఏ గీతలు ఎన్నో లెక్కిస్తే పత్రికలో చదివిన వివాదం విద్యార్థికి ప్రత్యక్షానుభవమవుతుంది.

పిల్లలకోడిని, గొల్లకావడిని, వేగుచుక్కను చూచి పొద్దు తెలుసుకొన్న రైతులకు ఆకాశం గోడగడియారం. ఆ గడియారం చూడవలసిన అగత్యం నేటి బాలబాలికలకు లేదు. కాని చూడాలనుకొన్ననాడు అది అక్కడ ఉండవలెను. 2000వ సంవత్సరపు శాస్త్రజ్ఞుడు హైదరాబాదు వేధశాల సంపుటాలను తెరిచినప్పుడు, ముందుతరంవారు వ్రాసిపెట్టిన చుక్కలు వాటి స్థానాలలో భద్రంగా ఉన్నవి. 2100వ సంవత్సరపు శాస్త్రజ్ఞుడు నేటి చిత్రాలను తెరిచినప్పుడు చుక్కలు కనిపించుటయో, గీతలు కనిపించుటయో రానున్న కొద్ది సంవత్సరాలలో వ్రాసే అనుమతిపత్రాల మీద ఆధారపడి ఉన్నది.